నీళ్ల వేళ అవకాడో

పెళ్లయి పాలమూరు నుంచి ముంబైలోని కామాటిపురా చాల్‌కి, అంటే వరండా వెంట వరసగా ఒంటిగది ఇళ్లుండే పాత భవనానికి, వచ్చిన కొత్త. అక్కడ పొద్దున గంటసేపే నీళ్లొస్తాయి. అందరికీ ఒకటే ఫ్యూజు కాబట్టి, నీళ్ల మోటారు నడుస్తుండగా ఇస్త్రీపెట్టె కూడా వేయకూడదన్నది మా అంతస్తు కట్టుబాటు. నాకది గుర్తుంటేనా!

మా ఆయన ముచ్చటపడి కొన్న ఎయిర్ ఫ్రయర్‌లో, శనగపిండి అద్దిన అవకాడో ముక్కలు పెట్టి స్విచ్ వేశాను. టప్‌మని ఫ్యూజు పోయింది. మోటారు ఆగింది. ఖాళీ బకెట్లతో అందరూ మా గుమ్మం మీదికొచ్చారు.

“ఎవరేసిండ్రు? నా పిల్లలు స్నానం లేక బడికెట్ల పోతరు?” అని పక్కింటి లక్ష్మక్క అరిచింది.

ఆ మిషనే వద్దన్న మా అత్తమ్మ ముందుకొచ్చింది.

“నేనే ఏసిన. ముసల్దాన్ని, యాది మర్సిన.”

ఆమెను ఎవరేమంటారు? ఫ్యూజు వేసేసరికి నీళ్లు కాస్తా ఆగిపోయాయి. అత్తమ్మ అప్పటికే నింపుకున్న మా రెండు బిందెలూ లక్ష్మక్కకిచ్చేసింది. పచ్చిగా మిగిలిన ముక్కల్ని రొట్టెల పెనం మీద కరకరలాడేలా కాల్చి గదిగదికీ పంచింది. తర్వాత నాతో మెల్లగా అంది:

“రేపు నల్లా బందయినంక ఎయ్యి బిడ్డా. ఎట్లయితదో నేనూ చూస్త.”

ఇన్నేళ్లలో మా అత్తమ్మ అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.