తమ్ముణ్ని బయట కూర్చోబెట్టిన గది

మా నర్సీపట్నంలో డాక్టరు దగ్గరికి ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. జ్వరం ఒకరిది, లక్షణాలు చెప్పేది ఇంకొకరు. అందుకే నేను కౌన్సెలింగ్‌కి బయలుదేరిన రోజున ఆటోలో తమ్ముడూ మరదలూ కూడా ఎక్కారు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషిని, బడి మొత్తాన్నీ వరసలో నిలబెట్టినదాన్ని. అయినా వద్దనలేదు. అలవాటు.

నా బాధ ఇదీ. మా ఆయన పోయిన కబురు ఫోన్‌లో వచ్చింది. అప్పుడు నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఆ తర్వాత ఏ ఫోన్ మోగినా గుండె దడదడలాడేది, చేతులు చల్లబడేవి. ఫోన్‌ని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసేదాన్ని. రోలుగుంటలో నాతోపాటు పనిచేసిన టీచరు, నాకున్న ఒక్క స్నేహితురాలు, ఫోన్ చేసి చేసి విసిగి మానేసింది. ఆవిడతో మళ్ళీ సాయంత్రాలు మాట్లాడుకోవాలి. నాకు కావలసింది అంతే. గుండె పరీక్షలన్నీ బాగున్నాయని చెప్పి, డాక్టరుగారే ఈ కౌన్సెలర్ దగ్గరికి పంపారు.

బస్‌స్టాండు దగ్గర మందుల షాపు మేడ మీద గది. కౌన్సెలర్ నా దగ్గర చదివిన పిల్లలకన్నా చిన్నది. "ఏం ఇబ్బందిగా ఉందమ్మా?" అని నన్ను అడిగింది. తమ్ముడు అందుకున్నాడు.

"మా అక్కకి నిద్దర నేదండీ. బావగారు పోయిన కాడ్నించీ ఇంతే. మాత్ర ఏదైనా రాసీండి, బేగి తగ్గిపోద్ది."

"బలిఘట్టం శివుడి గుడికెల్లి దణ్ణం ఎట్టుకుందాం వదినా అన్నానండీ. ఇంటేనా?" అంది మరదలు.

ఆ అమ్మాయి ఇద్దరి మాటా పూర్తిగా విని, "మీరు కాసేపు బయట కూర్చోండి. ఈ సమయం ఆవిడది," అంది.

తమ్ముడి మొహం మాడిపోయింది. "ఏటక్కా, మమ్మల్ని ఎల్లిపొమ్మంటంది?"

"కూసోరా," అన్నాను. "బయట ఫ్యాను ఉంది."

తలుపు మూసుకున్నాక నేను డైరీ తీసి, దడ ఎప్పుడెప్పుడు వచ్చిందో ఇన్‌స్పెక్షన్‌కి రిపోర్టు చదివినట్టు చదివాను. ఆ అమ్మాయి చివరిదాకా విని, "ఆ క్షణంలో మీకేమనిపించింది?" అంది. ఇన్నేళ్ళ డైరీల్లో వాన, పాలు, చుట్టాలు ఉన్నాయి గాని అది ఎప్పుడూ రాసుకోలేదు. డైరీ మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. తను తొందరపెట్టలేదు. కింద బస్సుల హారన్లు వినబడుతున్నాయి.

"కోపం," అన్నాను చివరికి. "ఆయన పోయారని చెప్పే ముందు ఆ ఫోన్‌లో ఎవరో తెలియని గొంతు, మీరు ఆయనకేమవుతారు అని అడిగింది."

అక్కడికి వెళ్ళేవాళ్ళు మాత్ర కోసం చూడకండి, ఆ అమ్మాయి మందులు రాయదు. ఒక్క రోజులో తేలిపోతుందనీ అనుకోకండి. కొన్నిసార్లు మెట్లెక్కినప్పటికన్నా దిగేటప్పుడే బరువుగా ఉండేది. ప్రాణానికి ప్రమాదమైతే తప్ప నా మాట ఆ గది దాటదని మొదటి రోజే చెప్పింది. ఒకసారి, మీరు సరిగా ఏడవలేదేమో అంది. కాదు, ఏడ్చాను, వీళ్ళ ముందు ఏడవలేదు అన్నాను. ఒప్పుకుంది. అక్కడ కాదని చెప్పవచ్చు.

ఇంటికి పని కూడా ఇచ్చింది. ఫోన్ మోతను బాగా తగ్గించి, కావాలని మోగించుకుని, దడ దిగేదాకా చేతిలోనే పట్టుకోవాలి. తర్వాత మోత కొంచెం కొంచెంగా పెంచాలి. పక్కింటావిడ వాకిట్లో నిలబడి, "పిచ్చి డాక్టరమ్మ దగ్గరికి తిరుగుతున్నావంట?" అంది. అవునని, ఆ గది ఎక్కడుందో, ఏ వేళకు తీస్తారో కూడా చెప్పాను.

రెండోసారి నుంచి నేను ఒక్కదాన్నే ఆటో ఎక్కాను. తమ్ముడికి అది మింగుడు పడలేదు. ప్రతిసారీ సాయంత్రం ఇంటికొచ్చి, ఏం మాట్లాడావని ఆరా తీసేవాడు. ఒకనాడు వాన కురుస్తోంది, రాలేకపోయాడు. డబ్బాలో కాదు, బల్ల మీదున్న ఫోన్ మోగింది. దడ వచ్చింది. రానిచ్చాను. చల్లబడ్డ చేత్తోనే ఎత్తాను.

"అక్కా! నువ్వే ఎత్తావా?" అన్నాడు తమ్ముడు. తర్వాత మామూలే. "మరి ఆయమ్మకి ఇయ్యాల ఏటి సెప్పావు?"

"సెప్పను."

"నాక్కూడానా?"

"నీక్కూడా," అని పెట్టేసి, రోలుగుంట టీచరు నంబరు నొక్కాను.