నోవహన్న పొద్దుటి బండి

పద్మారావు నగర్‌లో మేముండే బిల్డింగులో ఎవరింట్లో ఏ కూర ఉడుకుతోందో నాకు తెలుసు. తెలియకపోతే కనుక్కుంటాను. దీన్ని మా ఆయన రోనాల్డ్ రోగం అంటాడు, నేను పొరుగువాళ్ల మీద ప్రేమ అంటాను. అలాంటి నాకు కొరుకుడు పడని మనిషి ఒక్కడే, పై వాటాలో ఉండే నోవహన్న.

నోవహన్న గూడ్స్ బండి గార్డుగా చేసి పోయిన ఏడాది రిటైరయ్యాడు. వాళ్ల నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఈయన చిన్న ఉద్యోగంలో చేరి, పరీక్షలు రాసి గార్డయి, బతుకంతా బండి చివరి డబ్బాలోనే గడిపాడు. ఆ డబ్బా ఎలా ఉంటుందో ఒకసారి అడిగి మరీ తెలుసుకున్నాను. ఫ్యాను ఉండదట. ముందు ఇంజన్లో డ్రైవరుకు తోడు ఇంకొకడుంటాడు కానీ వెనక గార్డుకు మాత్రం ఎవరూ ఉండరట. సిమెంటు బండి తాండూరులో బయల్దేరిందంటే, వచ్చే పోయే ఎక్స్‌ప్రెస్‌లన్నిటికీ దారి ఇచ్చుకుంటూ ఎప్పటికి ఇల్లు చేరుస్తుందో ఎవరూ చెప్పలేరు. "అంతసేపు ఒక్కనివే ఏం చేస్తవన్నా?" అని అడిగాను. "ఏం చేస్త? కూసుంట" అన్నాడు. ఆయన నాతో ఆడిన పెద్ద మాటల్లో అదొకటి.

ఆయన భార్య అక్సక్క అలా కాదు. మా చర్చిలో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి అమ్మాయికి సంబంధం కుదరకపోయినా ముందు ఫోన్ వెళ్లేది ఆమెకే. ఆ ఫోన్‌లోనే ప్రార్థన మొదలుపెడుతుంది. పొయ్యి మీద కూర మాడుతున్నా మధ్యలో ఆపదు. ఆ మాడు వాసన కిందికొస్తే పాపం ఎవరికో ఒంట్లో బాగాలేదని నాకు అర్థమైపోతుంది.

ఆయన రిటైరైన కొత్తలో అక్సక్క సంబరం చూసి తీరాలి. ఇన్నేళ్లూ సాయంత్రం కుటుంబ ప్రార్థన ఆమె పిల్లలతోనో, పిల్లలు పెళ్లిళ్లయి వెళ్లాక ఒక్కతేనో చేసుకుంది. ఇక ఇద్దరం కూర్చుంటామని కొత్త చాప కొన్నది. ఆయన బుద్ధిగా వచ్చి కూర్చున్నాడు, కళ్లు మూసుకున్నాడు. "ఇయ్యాల నువ్వు చెయ్యి" అందట. ఆయన నోరు పెగల్లేదట. మర్నాడూ అంతే. నెలలు గడిచినా అంతే. పైగా రోజూ పొద్దున్నే చాయ్ తాగి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయటికి వెళ్లిపోతాడు. ఎండెక్కాక వస్తాడు. ఎక్కడికెళ్లావంటే "ఊకెనే" అంటాడు.

ఊకెనే వెళ్లేవాడికి ఇస్త్రీ చొక్కా ఎందుకు? నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. చివరికి మా రోనాల్డే ఆయన సికింద్రాబాద్ స్టేషన్లో లింగంపల్లి వెళ్లే ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కుతుంటే చూశాడు. ఆ కబురు నేను పైకి మోసుకెళ్లాను.

"లింగంపల్లిల మాకెవ్వరున్నరు ఎమిలీ?" అంది అక్సక్క. నాకు తోచిన కారణాలన్నీ నోటిదాకా వచ్చాయి. ఆమె నా ముఖం చూసి, "ఇంకో సంసారం గిట్ల ఉన్నదనుకుంటున్నవా? గదైతే కొట్లాడి తెచ్చుకుందును. ఈయనకు దేవుని మీద మనసు పోయింది. గదీ నా భయం" అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఊరందరి కోసం మొక్కుత. దేవుని ముందట ఈయన నోట నా పేరు ఒక్కసారన్న ఇనాలె. గింతే."

సరిగ్గా అప్పుడే మా పాస్టర్ ఐజాక్ గారు దంపతుల కోసం రిట్రీట్ ప్రకటించారు. అనంతగిరి అడవిలో రెండు రోజులు, కాపురాలూ విశ్వాసాలూ రెండూ బలపడతాయన్నారు. అక్సక్క మర్నాడే పేర్లు ఇచ్చేసింది, మావి కూడా. నోవహన్న కాదనలేదు. "రైలుల పోదమా?" అని మాత్రం అడిగాడు. బస్సు అనేసరికి ముఖం వాడిపోయింది.

అడవికి చేరగానే ఫోన్లన్నీ ఒక అట్టపెట్టెలో వేయించుకున్నారు. ఆ తర్వాత భార్యాభర్తలు చేతులు పట్టుకుని ఒకరి కళ్లలోకి ఒకరు చూడమన్నారు. మా రోనాల్డ్‌కు నవ్వాగలేదు, నాకు కోపం ఆగలేదు. భార్యకు ఇష్టమైన రంగేదని భర్తల్ని అడిగారు. ఒక్కడూ సరిగ్గా చెప్పలేదు. నోవహన్న మాత్రం చెవులు రిక్కించి చెట్ల అవతల దేనికోసమో వింటున్నట్టు కూర్చున్నాడు. వికారాబాద్ స్టేషన్ ఆ కొండల కిందే కదా అని నాకు తర్వాత తట్టింది.

రెండో రోజు పొద్దున అసలు పరీక్ష. ఏ జంటకా జంట అడవిలోకి వెళ్లి కూర్చోవాలి. భర్త తన భార్య కోసం, ఆమె చెవిన పడేలా ప్రార్థించాలి. అక్సక్క పెళ్లికూతురిలా ముందు నడిచింది. చోటు ఎంచుకోవడంలో నేను కొంచెం తెలివి చూపించాను. వాళ్లు కూర్చున్న బండ వెనక ఇంకో బండ ఉంది. మా రోనాల్డ్ నా ఆరోగ్యం కోసం చక్కగానే ప్రార్థించి, నా నోరు కాస్త అదుపులో పెట్టమని కూడా అడిగి, చెట్టుకు ఆనుకుని కునుకు తీశాడు.

బండ అవతల నుంచి ముందు అక్సక్క గొంతే వినిపించింది.

"దేవుడు లేడనిపిస్తున్నదా నీకు? ఉన్నదున్నట్టు చెప్పు. నేనేం ఏడ్వ."

"గట్లెందుకంటవు?"

"మరి ప్రార్థనెందుకు బంద్ చేసినవు?"

"బంద్ చెయ్యలే. రోజు చేస్తున్న."

"ఏడ?"

"బండిల" అన్నాడు నోవహన్న.

నేను బండకు ఇంకాస్త దగ్గరగా జరిగాను.

"నాకు ఇంట్ల కూసుంటే రాదు అక్సా. బండిల ఉంటేనే వస్తది. డ్యూటీల అట్ల అలవాటైంది. ఒక్కో స్టేషన్‌కు ఒక్కొక్కలు. లింగంపల్లి రాంగనే అమ్మ. శంకర్‌పల్లి మా చెల్లె. వికారాబాద్ మన పిల్లలు. పచ్చజెండ చూపించుకుంట ఆ పేరు దేవునికి చెప్పేటోన్ని. రిటైరైనంక చాప మీద కూసుంటే ఒక్క పేరు సుత వస్తలేదు. అందుకే ఎంఎంటీఎస్ ఎక్కుతున్న. ఇప్పుడు బోరబండ పెద్దోనికి, హఫీజ్‌పేట చిన్నదానికి."

నాకు నవ్వొచ్చి నోట్లో కొంగు కుక్కుకున్నాను. అక్సక్క నవ్వలేదు.

"మరి నా స్టేషన్ ఏది?"

చెప్పవయ్యా, బేగంపేటో ఇంకోటో ఏదో ఒకటి చెప్పు అని నేను మనసులో తిట్టుకుంటున్నాను.

"నీకు స్టేషన్ లేదు" అన్నాడు.

కొట్టినా అంత దెబ్బ తగలదు. "ఇన్నేండ్లల్ల ఒక్క స్టేషన్ సుత..." అంది అక్సక్క.

"జెర పూర్తిగ విను. స్టేషన్ల పనుంటది. జెండ పట్టాలె, బండి మొత్తం చూసుకోవాలె. పేరొక్కటే చెప్పొస్తది. నీ సంగతి గట్ల ఒక్క ముక్కల ఒడుస్తదా? ఎర్ర సిగ్నల్ పడి నడిమిట్ల బండి ఆగుతది చూడు. అడవి. మనిషి కానరాడు. ఎందుకు ఆగిందో తెల్వది, ఎప్పుడు కదుల్తదో తెల్వది. డబ్బల నేనొక్కన్నే. భయమైతది అక్సా, ఎన్నేండ్లు చేసినా భయమే. గప్పుడు నీ పేరు తీస్త. పచ్చ లైటు పడేదాక నీ గురించే. ఈ కొండల కింద ఎన్నిసార్లు ఆగిందో మా బండి."

"అయితే ఇప్పుడు బండి ఆగిందనుకో" అంది అక్సక్క. "అడవే గదా. ఎర్ర సిగ్నలే పడింది. చెయ్యి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ప్రభువా, అక్సాకు మోకాళ్లు నొస్తున్నయి, నాకు చెప్తలేదు. మెట్లెక్కి మీదికొచ్చినంక ఆగి గోడ పట్టుకుంటది, నేను చూస్తున్న. డ్యూటీకి పోయిన ప్రతిసారి టిఫిన్ల రెండు కూరలు పెట్టేది, తనకు ఉంచుకున్నదో లేదో నేనెన్నడు అడగలే. అందరు ఆమెకు ఫోన్ చేస్తరు. ఆమెకు బాగలేకపోతే ఎవలకు చెయ్యాలె? నన్ను ముందు తీస్కపోతే ఆమె పరేషానైతది. ఆమెను ముందు తీస్కపోతే నేను ఆగమైత. ఏం చేస్తవో నువ్వే చూడు. పచ్చ లైటు ఇంక పడలే, ఇంకొంచెం చెప్త..."

ఆ తర్వాతది నాకు వినపడలేదు. నేనే ఏడుస్తున్నాను. రోనాల్డ్ ఉలిక్కిపడి లేచి "ఏమైందే?" అన్నాడు. వాడిని, అదే, ఆయన్ని పట్టుకుని ఇంకాస్త ఏడ్చాను.

ఇప్పుడు పొద్దుటి బండికి ఇద్దరూ వెళ్తున్నారు. అక్సక్క మోకాళ్లు బాగున్న రోజుల్లో మాత్రమే అనుకోండి. మొన్న నేనూ వెంటబడ్డాను. బేగంపేట దాటుతుంటే ఉండబట్టలేక, "అన్నా, నాకు సుత ఏదన్న స్టేషన్ ఉన్నదా?" అని అడిగాను.

"ఇప్పుడే పోయింది" అన్నాడు.

"మరి మా ఆయనకు?"

"ఆయనకు సుత గదే. నిన్ను భరిస్తుండు గదా, కలిపే చెప్త."

అక్సక్క పడీ పడీ నవ్వింది. తిరుగు బండిలో సికింద్రాబాద్ ఇంకో అడుగు దూరం ఉందనగా, రోజూ ఆపేటట్టే ప్లాట్‌ఫాం ఖాళీ లేదని బయటే ఆపేశారు. డబ్బాలో అందరూ విసుక్కున్నారు. ఒకాయన ఫోన్‌లో రైల్వేవాళ్ల తాతల్ని కూడా తిట్టాడు. నేనూ ఏదో అనబోయి పక్కకు చూశాను. నోవహన్న కళ్లు మూసుకున్నాడు, పెదవులు కదులుతున్నాయి. అక్సక్క కొంగు తల మీదికి లాక్కుని, ఆయన వైపు చెవి పెట్టి కూర్చుంది. నా జన్మలో మొదటిసారి, బండి కాసేపు కదలకుండా ఉంచమని నేనూ కళ్లు మూసుకున్నాను.