గోరువెచ్చని అన్నం

ఎనభై మూడో సంవత్సరం వేసవి దాకా నూజివీడు చుట్టుపక్కల పెళ్ళి వంటంటే భానుమూర్తిదే. వైశాఖం వచ్చిందంటే ఆయన ఇంట్లో కంటే పందిళ్ళలోనే ఎక్కువ కనిపించేవాడు. గాడిపొయ్యి తవ్వించి, గుండిగలు ఎక్కించి, నడుముకి తువ్వాలు బిగించాడంటే వెయ్యి మంది వచ్చినా చెయ్యి వణికేది కాదు. ఉప్పుకి కొలత చూసేవాడు కాదు. గుప్పిటతో తీసి వేస్తే సరిపోవాల్సిందే.

ఆ ఏడు రెడ్డిగూడెంలో మామిడితోటల ఆసామి లక్ష్మీనరసింహారావుగారి పెద్దమ్మాయి పెళ్ళి. ముహూర్తం తెల్లవారుజామున. పొద్దున్నే మగపెళ్ళివారికి దద్దోజనం పెట్టాలని భానుమూర్తి ముందురోజు సాయంత్రమే అన్నం వండించి, గంగాళంలో గుట్టగా పోసి, తడిగుడ్డ కప్పి మూత పెట్టాడు. తెల్లారేసరికి గోరువెచ్చగా ఉంటే పెరుగు కమ్మగా పడుతుందని ఆయన మేనమామ నేర్పిన పద్ధతి. పెరుగు ఆ ఊరి మంగమ్మ తెచ్చింది, నాలుగు కడవలు.

తొమ్మిదయ్యేసరికి వాంతులు మొదలయ్యాయి. ఒకరా ఇద్దరా, డెబ్బై మంది. దొరికిన జీపులు, ట్రాక్టర్లు అన్నీ నూజివీడు ఆసుపత్రి దారి పట్టాయి. దేవుడి దయవల్ల ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. కానీ అప్పగింతలు జరగాల్సిన పందిట్లో మంచాలు వేశారు. పెళ్ళికూతురు మధుపర్కాలతోనే అత్తగారి పక్కన కూర్చుని విసిరింది.

"ఏం కలిసింది భానుమూర్తిగారూ?" అని రావుగారు అందరి ముందూ అడిగారు.

"వండినదంతా నా చేతుల మీదుగానే వండానండి. బయటినుంచి వచ్చింది పెరుగొక్కటే" అన్నాడు భానుమూర్తి. ఆ మాట ఆలోచించి అన్నది కాదు. నోటికొచ్చింది.

మర్నాటినుంచి మంగమ్మ పెరుగు కొన్నవాళ్ళు లేరు. ఆర్నెల్లు చూసి, రెండు గేదెల్నీ అమ్మేసి, ముసునూరులో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. భానుమూర్తికి కూడా ఆ మాట పనికి రాలేదు. పెళ్ళి కుదిరిన ప్రతి ఇంట్లోనూ, "మంచివాడే, ఎందుకొచ్చిన గొడవ" అని ఇంకొకరిని పిలిచేవారు.

చివరికి హనుమాన్ జంక్షన్‌లో ఒక చిన్న హోటల్లో కుదిరాడు. ఇడ్లీ, సాంబారు, లారీ డ్రైవర్లకి మధ్యాహ్నం భోజనం. సాంబారు గిన్నె ఆయన మోకాలి ఎత్తు కూడా లేదు. పెళ్ళి బస్సు టీలకి ఆగితే మాత్రం మసిగుడ్డ భుజాన వేసుకుని బయటికి వచ్చేవాడు. "ఎక్కడండీ పెళ్ళి? ఎంతమంది? వంటెవరు?" అని అడిగేవాడు. వాళ్ళు చెప్పి వెళ్ళిపోయాక కూడా రోడ్డు మీదే నిలబడేవాడు.

ఒకరోజు భోజనం చేస్తుంటే భార్య సౌభాగ్యలక్ష్మి, "ఏంటండీ ఆ చెయ్యి అలా తిప్పుతున్నారు?" అంది. చూసుకుంటే ఎడమచెయ్యి గాలిలో తెడ్డు తిప్పుతోంది.

ఎనభై ఆరులో హోటల్ పనివాళ్ళకి, వంటవాళ్ళకి ఆహార శుభ్రత మీద పదిరోజుల శిక్షణ పెట్టారు, నూజివీడులో ఒక బడిలో, సెలవుల్లో. పూర్తిచేస్తే సర్టిఫికెట్టు ఇస్తారన్నారు. ఆ మాట వినగానే భానుమూర్తి వెళ్ళి పేరు రాయించుకున్నాడు. సర్టిఫికెట్టు ఉన్న వంటవాడిని ఎవరు కాదంటారు? యాభై రెండేళ్ళ వయసులో మోకాళ్ళు బల్లకి తగులుతుంటే పిల్లల బెంచీ మీద కూర్చున్నాడు.

పాఠం చెప్పేది హెల్త్ ఇన్‌స్పెక్టర్ డేవిడ్ రాజుగారు. గోళ్ళు, నీళ్ళు, ఈగలు అయ్యాయి. నాలుగోరోజు వండిన పదార్థాలు నిలవ ఉంచడం గురించి మొదలుపెట్టారు.

"అన్నం పొగలు కక్కుతూనైనా ఉండాలి, త్వరగా చల్లార్చైనా పెట్టాలి. గుట్టగా పోసి మూతపెడితే మధ్యలో వేడి గంటలకొద్దీ అలాగే నిలుస్తుంది. కంటికి కనపడని క్రిములు అందులోనే పెరుగుతాయి. ఆ అన్నం తిన్న రెండు మూడు గంటల్లో వాంతులు."

భానుమూర్తి లేచి నిలబడ్డాడు. "గోరువెచ్చగా ఉంటేనండీ?"

"అంతకంటే వాటికేం కావాలండీ?"

"మరి... అందులో కలిపిన పెరుగు?"

"మంచి పెరుగైతే దాని తప్పేముందండీ? చెడిపోయింది అప్పటికే అన్నంలో ఉంది."

భానుమూర్తి కూర్చున్నాడు. ఆ తర్వాత చెప్పిందేదీ ఆయన చెవికెక్కలేదు.

సర్టిఫికెట్టు మాత్రం వచ్చింది, నల్లసిరాతో పేరు రాసి, కింద ముద్ర వేసి. ఆ వారంలోనే లక్ష్మీనరసింహారావుగారి పాలేరు అప్పారావు హోటలుకి వచ్చాడు. "రెండో అమ్మాయిగారి పెళ్ళండీ జ్యేష్ఠంలో. మీకు సర్టిఫికెట్టు వచ్చిందని తెలిసింది. అయ్యగారు ఒకసారి రమ్మన్నారు."

మూడేళ్ళుగా ఆ కబురు కోసమే ఎదురుచూశాడు. తీరా వచ్చాక భానుమూర్తి రెడ్డిగూడెం బస్సెక్కలేదు, ముసునూరు బస్సెక్కాడు.

మంగమ్మ మామిడికాయల షెడ్డులో ఉంది, చెక్కపెట్టెల్లో గడ్డి పరిచి రసాలు సర్దుతోంది. మనిషి సగమైంది.

"మంగమ్మా, నీ పెరుగులో ఏమీ లేదు. తప్పు నా అన్నంది."

ఆమె కాయలు సర్దడం ఆపలేదు. "నా కడవలు నాకు తెలవ్వా పంతులుగారూ? ఆ సంగతి నాకెప్పుడో తెలుసు. నాకు చెప్పి ఏం లాభం? అప్పుడు చెప్పినచోట చెప్పండి."

చెప్పాడు. రావుగారి అరుగు మీద బంధువులందరూ ఉండగా, అన్నం ఎప్పుడు వండిందీ, ఎలా మూతపెట్టిందీ, తడిగుడ్డతో సహా చెప్పాడు.

రావుగారు అంతా విన్నారు. "ఈ మాట అప్పుడే చెప్పుంటే బాగుండేది."

"అప్పుడు నాకు తెలియదండీ."

"తెలియకుండానే ఆవిడ మీద పెట్టారుగా."

భానుమూర్తి అరుగు దిగాడు. "వెళ్ళిరండి" అన్నారు రావుగారు. వంటకి బెజవాడ నుంచి వేరే మేస్త్రీ వచ్చాడు. మంగమ్మకి పెరుగు కావాలని కబురు వెళ్ళింది. ఇప్పుడు తనకి గేదెలెక్కడివంటూ పెరుగు తేలేదు గానీ, పెళ్ళికి మాత్రం మంచి చీర కట్టుకుని వచ్చి, మొదటి బంతిలో కూర్చుని తిని వెళ్ళిందని అప్పారావు చెప్పాడు.

మరుసటి వేసవి శిక్షణలో డేవిడ్ రాజుగారు భానుమూర్తిని పిలిపించి, "జరిగింది మీ నోటితో చెప్పండి, నేను పదిరోజులు చెప్పినదానికంటే గుర్తుంటుంది" అన్నారు. నలభై మంది ముందు నిలబడి భానుమూర్తి దాచుకోకుండా చెప్పాడు.

వెనక బెంచీలోంచి ఒక హాస్టల్ వంటామె, గోవిందమ్మ, లేచి అడిగింది. "తర్వాత మళ్ళీ పెళ్ళికి వండారా అండీ?"

"లేదమ్మా."

ఆయన అక్కడితో ఆగి కూర్చుంటాడనుకున్నారు. కూర్చోలేదు. గాడిపొయ్యిలో మామిడి కట్టెలు అంటుకునేటప్పుడు వచ్చే పొగ గురించి చెప్పాడు. ఐదొందల మందికి పప్పుచారు పోపు పెడితే ఆ ఘాటుకి పందిట్లో పిల్లలు ఎలా తుమ్ముతారో చెప్పాడు. మొదటి బంతికి విస్తళ్ళు వేశాక, వడ్డన మొదలయ్యే ముందు ఒక్క నిమిషం అంతా నిశ్శబ్దంగా ఉంటుందే, అప్పుడు వంటవాడు తెర వెనక నిలబడి ఏం వింటాడో చెప్పబోయాడు. బల్లమీది గ్లాసు అందుకుని మంచినీళ్ళు తాగాడు.

"అన్నం సంగతి మాత్రం మర్చిపోకండమ్మా" అని చెప్పి, జంక్షన్ బస్సుకి వేళయిందని వెళ్ళిపోయాడు.