జేబులో మిగిలిపోయిన బుష్

నిన్న వర్క్‌షాపులో ఎవరో గేర్ ఆయిల్ డబ్బా మూత తీశారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా చెయ్యి దానంతటదే ప్యాంటు జేబులోకి వెళ్లింది. జేబు ఖాళీగానే ఉంది. ఇన్నేళ్లయినా ఆ చెయ్యికి నమ్మకం కుదరదు. ఆ అలవాటు నాకు రత్నం అంకుల్ దగ్గర అంటుకుంది.

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో, ఊరి శివార్లలోని కానింగ్ వేల్‌లో ఆయన ఇంట్లోనే ఒక గదిలో అద్దెకుండేదాన్ని. తణుకులో లారీ షెడ్డు మేస్త్రీగా పేరు తెచ్చుకున్న మనిషి ఇక్కడ గోదాములో అట్టపెట్టెలు సర్దేవారు. అది ఆయన్ని లోలోపల తినేసేది. చివరికి దూరాన ఎడారి దారిలో ఉన్న గనుల ఊరు కాల్గూర్లీలో మెకానిక్ ఉద్యోగం దొరికింది. సోమవారం చేరాలి, సొంత బండి ఉండాలి. ఆయనకున్నది ఒక పాత యూట్, వెనక సామాన్ల తొట్టి ఉన్న బండి. దాని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అప్పటికే మూలపడింది. తుక్కు యార్డులో అదే మోడల్‌కి సరిపోయే మాన్యువల్ గేర్‌బాక్స్ సంపాదించి, "క్లచ్ తొక్కకపోతే బండి నడిపినట్టే ఉండదమ్మా" అని నవ్వుతూ నన్ను సాయానికి పిలిచారు. గేర్‌బాక్స్ బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్న నేను స్పానర్ పట్టడం నేర్చుకున్నది ఆ ఇంటి పక్కన బండి నిలిపే కార్‌పోర్టు కిందే.

ఆయన పద్ధతి ఒకటుండేది. నేలమీద పాత దుప్పటి పరిచి, విప్పిన ప్రతి బోల్టూ వరసగా పెట్టించేవారు. "దుప్పటి ఖాళీ అయితేనే పనైనట్టు" అనేవారు. శనివారం పొద్దున ఉంగరంలాంటి ఒక చిన్న ఇత్తడి రంగు బుష్ నా చేతికిచ్చి, ఇంజిన్ షాఫ్ట్ చివరి రంధ్రం తుడిచి అందులో కొట్టమన్నారు. గేర్‌బాక్స్ షాఫ్ట్ కొసను నిలబెట్టేది అదే. ఆటోమేటిక్‌కి దాని అవసరం లేదు కనుక అది విప్పిన సామాన్లలోది కాదు, కొత్తగా కొన్నది, దుప్పటి మీదకి ఎక్కనేలేదు. జేబులో వేసుకుని రంధ్రం తుడుస్తుంటే అంకుల్ భార్య కరుణ ఆంటీ భోజనానికి పిలిచారు. తిన్నాక క్లచ్ బిగించింది నేనే. గేర్‌బాక్స్ ఎత్తేముందు అంకుల్ అడిగారు.

"ఏమ్మా, బుష్ ఏసేశావా?"

నాకు గుర్తు లేదు. కానీ దుప్పటి మీద బుష్ కనబడలేదు కదా అని, "ఆఁ, వేశాను అంకుల్" అన్నాను.

సాయంత్రానికి బండి నడిచింది. వీధి చుట్టూ తిప్పి వచ్చిన ఆయన ముఖం చూడాలి, పెళ్లికొడుకులా ఉన్నారు. ఆ తర్వాత ఉతకడానికి జీన్స్ దులిపితే బుష్ నేలమీద పడింది. అది లేకపోయినా బండి కొన్నాళ్లు నడుస్తుంది, తర్వాత ఏ ఎడారి దారిలోనో గేర్‌బాక్స్ పోతుంది, ఉద్యోగమూ పోతుంది. నా తప్పని ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే, దాన్ని చెత్తబుట్టలో వేసేద్దామని కూడా అనుకున్నాను. చాలాసేపటికి లేచి వెళ్లి ఆయన ముందు అరచెయ్యి తెరిచాను.

ఆయన దాన్ని తీసుకుని వెలుతురులో తిప్పి చూశారు. "అడిగి ఊరుకున్నాను చూడు, అది నా తప్పు. చూపించమనాల్సింది" అన్నారు. తర్వాత వంటింటివైపు తిరిగి, "కరుణా, రేపు నేను చర్చికి రాలేనే" అన్నారు. ఆదివారం ఆరాధన తప్పని మనిషి ఆయన. పైగా ఆ రోజు ఆయన ప్రయాణం కోసం, బండి కోసం పాస్టర్ గారు ప్రార్థన చెయ్యాల్సి ఉంది. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

మర్నాడు మళ్లీ అంతా దించాం. బుష్ కొట్టాక ఆయన టార్చి పట్టుకుని "చూపించు" అన్నారు, చూపించాను. మధ్యాహ్నం ఆంటీ పాస్టర్ గారిని ఇంటికే తీసుకొచ్చారు. గేర్‌బాక్స్ ఇంకా జాకీ మీదే ఉంది. "ఈ బండిని బాగుచేసిన చేతుల్ని దీవించు ప్రభువా" అని ఆయన ప్రార్థిస్తుంటే నేను తలెత్తలేకపోయాను. అంకుల్ నావైపు వంగి మెల్లగా, "ఆమెన్ అనమ్మా, నీ చేతుల గురించే" అన్నారు. నేను హిందువుల పిల్లని. అయినా అన్నాను, మనస్ఫూర్తిగా.

ఆ రాత్రే బయల్దేరి, సోమవారం ఆయన వేళకే పనిలో చేరారు. ఆ గేర్‌బాక్స్ మళ్లీ విప్పాల్సిన పని పడలేదు. నేనిప్పుడు పెద్ద యంత్రాలను పరీక్షించి సంతకం పెడతాను. "వేశావా?" అని ఎవరినీ అడగను, "చూపించు" అంటాను. కిందటేడు అంకుల్ పోయారు. శవపేటిక మూసేముందు చివరిచూపుకి వెళ్లినప్పుడు, నా చెయ్యి అలవాటుగా జేబు తడిమింది. జేబు కూడా చూసుకున్నాను అంకుల్, అని చెప్పాలనిపించింది.