తలకట్టు లేని సున్న

1951 జూన్‌లో నాంపల్లిలోని ఒక సర్కారీ దఫ్తర్‌లో నన్ను ట్రేసర్‌గా మూడు నెలల పరీక్ష మీద తీసుకున్నారు. నక్షానవీసు గీసిన నక్షాను పలచటి ట్రేసింగ్ గుడ్డ మీదికి సిరాతో ఎత్తేవాడే ట్రేసర్. నక్షాల విభాగంలో అందరికంటే కిందివాడు. పరీక్ష తప్పితే మళ్లీ టపా విభాగానికి పోయి ఫైళ్లు మోయాలి. అక్కడ రెండేళ్లు మోసి వచ్చినవాణ్ణి కనుక ఆ బరువు నాకు తెలుసు.

హెడ్ నక్షానవీసు నర్సింగరావు గారు మొదటిరోజే కంపాసు పెట్టెకు తాళం వేశారు. కట్టడం దగ్గర నిలబడి కొలతలు రాసుకునేటప్పుడు కంపాసు వెంట ఉండదు గనుక ముందు ఉత్తచేత్తో గీయడం రావాలని ఆయన నియమం. అడ్డగీతలు, నిలువుగీతలు, చతురస్రాలు, త్రిభుజాలు ఎలాగో గట్టెక్కాను. వృత్తిలో నిలవడానికి వృత్తమే అడ్డం వచ్చింది. పెన్సిల్ ఎత్తకుండా ఒక్క ఊపులో గుండ్రం గీయాలి. కంపాసుతో గుండ్రం గీసిన ట్రేసింగ్ గుడ్డను దాని మీద పరిచి చూస్తారు. పెన్సిల్ ములుకు మందానికి మించి తేడా రాకూడదు.

నా గుండ్రం బాగానే తిరిగేది. మొదలైన చోటికి చేరగానే మాత్రం పెన్సిల్ తనంతట తాను నెత్తిన ఒక టిక్కు పెట్టేది. కాగితం నిండా అంతే.

“ఏందయ్యా, ర ర ర అని ఎవర్ని పిలుస్తున్నవ్? నేను ఈడనే ఉన్న గద!” అన్నారు సార్. దఫ్తరంతా నవ్వింది.

మా నాన్న పట్టుబట్టి దిద్దించిన తలకట్టు అది. చదువు తలకు ఎక్కకపోయినా తలకట్టు చేతికి ఎక్కింది.

సోమవారం పరీక్ష. శనివారం సాయంత్రం పక్కబల్ల ట్రేసర్ యాదగిరితో అబిడ్స్‌లో ఇరానీ చాయ్‌కి వెళ్లాను. కప్పు ఎత్తితే కింద తడి గుండ్రం, ఒక్క వంకర లేదు. దాని మీద అసూయపడుతూనే ఇంటికి ఉత్తరం రాస్తున్నాను. యాదగిరి ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని చదివింది ఉర్దూలో. తెలుగు అక్షరాలు అతనికి బొమ్మలే. ఒకదాని మీద వేలు పెట్టాడు.

“అన్నా, గీ గుండ్రానికి తోక లేదేంది? మంచిగొచ్చింది గద!”

“అది ‘అందరం’లో సున్న తమ్మీ. సున్నకు తలకట్టు ఉండది.”

“మరి సార్‌కు గదే గీసియ్యరాదే!”

సోమవారం కాగితం మీద పెన్సిల్ ఆనించి “అం” అనుకున్నాను. కాస్త పైకే వచ్చింది.

“ఏం?” అన్నారు సార్.

“అం” అన్నాను.

గీత మొదటికి చేరి బుద్ధిగా ఆగింది. ఆయన గుడ్డ పరిచి అటూ ఇటూ జరిపి చూశారు.

“ఔ, కలిసింది. తలకట్టు ఏడ పాయె?”

“ఇంట్ల ఇడిసిపెట్టొచ్చిన సార్.”

కంపాసు పెట్టె తాళంచెవి నా ముందుకు తోశారు. సున్నతో పరీక్ష నెగ్గినవాణ్ణి ఆ దఫ్తర్‌లో నేనొక్కణ్ణే.

తర్వాత నేనే హెడ్‌నయ్యాక, కొత్తవాళ్లను గుండ్రం గీయమనేముందు చిన్నప్పుడు ఏ లిపి దిద్దారని అడిగేవాణ్ణి. ఏ చెయ్యీ ఖాళీగా రాదు. అది ఏం నేర్చుకుని వచ్చిందో కనుక్కోకుండా కొత్తది నేర్పబోతే, తప్పు నేర్చుకునేవాడిది కాదు, నేర్పేవాడిది.