రెఫరీకి ఆయాసం

మా ఆయన ఫౌస్తినో కర్వారిక్ర సెర్రో దె పాస్కోలో పుట్టాడు. సముద్రానికి నాలుగు వేల మూడు వందల మీటర్ల ఎత్తున, గని గుంత అంచున ఉన్న ఊరు. వారమంతా గనిలో నీళ్ల పంపుల దగ్గర పని, ఆదివారం ఫుట్‌బాల్. మోకాలు పాడయ్యాక రెఫరీ అయ్యాడు. నలభై దాటినా తొంభై నిమిషాలూ బంతి వెంటే ఉండేవాడు.

ఏటా సెప్టెంబరులో తీరం నుంచి ఒక జట్టు మా ఊరికి ఆడటానికి వచ్చేది. కిందివాళ్లకు మా గాలి చాలదు. తల పగిలిపోతుంది, కడుపులో తిప్పుతుంది, కాళ్లు కదలవు. దాన్ని మేం సొరోచే అంటాం. అది ఎక్కేలోపు ఆడేసి దిగిపోవాలని వాళ్లు ఆటరోజు పొద్దున్నే బస్సు దిగేవాళ్లు. అది ఎక్కేదాకా ఆపాలని మావాళ్ల ప్రయత్నం. ముందు భోజనం, తర్వాత ఉపన్యాసాలు. చివరి వంతు ఫౌస్తినోది. బంతిని తూకం వేసేవాడు, గోలు వలలో ముడి ముడీ లాగి చూసేవాడు, ఒక్కొక్కడి బూటు అడుగూ తిప్పించేవాడు.

"ఏంటి స్వామీ, ఆటా పెళ్లిచూపులా?" అని ఓ ఏడు వాళ్ల గోల్‌కీపరు అడిగాడు.

"తొందరేముంది నాయనా? కొండగాలి కాస్త పీల్చుకో. ఊరికేనే," అన్నాడు ఈయన.

ఆయన చెంపలు వంకాయ రంగులో ఉండేవి, కళ్లు ఎర్రగా ఉండేవి. మా ఊళ్లో అది బలానికి గుర్తు. "రక్తం పట్టిన మనిషి" అని మెచ్చుకునేవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత ఆయనకు నిద్ర పట్టడం మానేసింది. చెవుల్లో హోరు, అరికాళ్లలో మంట. ఒకనాడు పక్క పంపు మీద పదేళ్లుగా పనిచేస్తున్నవాడి పేరు గుర్తురాక ఇంటికొచ్చి నన్నడిగాడు. మర్నాడే ఆస్పత్రికి లాక్కెళ్లాను.

డాక్టరమ్మ నోయెమి సన్నటి గాజుగొట్టంలో ఆయన రక్తం తీసి, గిరగిరా తిప్పే యంత్రంలో పెట్టింది. బయటికి తీసేసరికి ఎరుపంతా అడుగుకు దిగి, పైన కాస్త పసుపు నీరు మిగిలింది.

"ఇక్కడివాళ్లకు ఎరుపు సగానికి కొంచెం పైన ఉంటుంది. మీకు ముప్పావు వంతు," అంది. "గాలి తక్కువని ఒళ్లు ఎర్రకణాలు ఎక్కువ చేసుకుంటుంది. మీ ఒంటికి ఎక్కడ ఆపాలో తెలియలేదు. మీ గుండె తోడుతున్నది రక్తం కాదు, చెరుకు పాకం. దిగిపోండి."

"నేనా? కొండ పడకపోవడం కొత్తవాళ్లకమ్మా. మా ముత్తాత ఇక్కడి మట్టిలోనే ఉన్నాడు."

"మీ ముత్తాతని కొండ గుర్తు పెట్టుకోదు."

రెండుసార్లు అర లీటరు చొప్పున రక్తం తీశారు. తీసినప్పుడల్లా నెల రోజులు బాగుండేవాడు, మళ్లీ మొదలయ్యేది. చివరికి జూన్‌లో కిందనున్న వానూకో పట్నానికి దిగాం. అది మా ఊరికి సగం ఎత్తులో కూడా లేదు. మూడు నెలల్లో పెదవులు గులాబీ రంగుకొచ్చాయి. గురక పెట్టి పడుకునేవాడు. బయల్దేరేటప్పుడు డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది: "కిందికి అలవాటుపడ్డాక పైకొస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. పుట్టి పెరిగినవాళ్లకూ వస్తుంది. ఎప్పుడైనా ఊరికొస్తే నాలుగు రోజులు కదలకండి. పరుగు అసలొద్దు."

సెప్టెంబరు ఆటకు రెఫరీగా రమ్మని పిలుపు వచ్చింది. శుక్రవారం ఎక్కాం. శనివారం ఊరంతా బ్యాండు. వద్దన్నాను.

"నా ఊళ్లో నేను అతిథిలా కుర్చీలో కూర్చోవాలా?" అని లేచి, సాయంత్రం దాకా బ్యాండుకు చిందులేశాడు.

ఆదివారం ఎప్పటికన్నా ఎక్కువసేపు వలముడులు లాగాడు. జనం నవ్వుతున్నారు. ఆయన ఎడమచేత్తో గోలు స్తంభాన్ని పట్టుకుని ఉండటం నాకు కనిపించింది. ఆట మొదలయ్యాక దగ్గు వచ్చింది. విరామంలో చేతిరుమాలు చూశాను, గులాబీ నురగ. "ఇంక చాలు," అన్నాను. జేబులో కుక్కుకుని వెళ్లిపోయాడు.

రెండో సగంలో మైదానం నడిమధ్య నుంచి కదల్లేదు.

"ఏం బావా, అక్కడే ఇల్లు కడతావా?" అని మా తమ్ముడు అబెలార్దో అరిచాడు. "కిటికీ ఎటు పెట్టమంటావ్?"

ఇంకా ఇరవై నిమిషాలుంది. మావాళ్లు ఒక గోలు ముందున్నారు. ఆయన విజిల్ ఊది ఆట ఆపి, గీత దగ్గరికి నడిచి వచ్చాడు. విజిల్ తీసి లైన్స్‌మన్ చేతిలో పెట్టాడు.

"సొరోచే," అన్నాడు.

"ఎవరికి?"

"నాకే."

లైన్స్‌మన్ వెనక్కి తిరిగి అది అందరికీ చెప్పాడు. క్షణం సేపు ఎవరికీ ఎక్కలేదు. తర్వాత గట్టు మీది వాళ్లంతా ఒక్కసారి నవ్వారు.

"కిందివాడైపోయాడ్రోయ్!"

"అతిథికి కోకా ఆకు టీ పట్టండర్రా, సొరోచే దిగుతుంది!"

అబెలార్దో మాత్రం నవ్వడం మానేసి గట్టు దిగి పరుగెత్తుకొచ్చాడు. ఆయన తల ఎత్తలేదు. నా భుజం మీద బరువంతా వేశాడు. శ్వాసలో నీళ్లు మరుగుతున్న చప్పుడు.

వెంటనే దిగడానికి సిద్ధంగా ఉన్నది తీరం జట్టు సామాన్ల వ్యాను ఒక్కటే. తల పట్టుకుని కూలబడిన వాళ్ల కుర్రాణ్ణి అప్పటికే అందులో పడుకోబెట్టారు. ఆక్సిజన్ సీసా ఒకటుంది. ఇద్దరూ వంతులేసుకున్నారు.

"మీది ఏ ఊరు సార్?" అని అడిగాడు ఆ అబ్బాయి.

ఆయన బొటనవేలితో వెనక్కి చూపించాడు.

"మరి మీకెందుకొచ్చింది?"

"నీ బూట్లు చూస్తూ ఆలస్యం చేశాను," అని మాస్కు వాడికిచ్చాడు.

కింద దారిలో ఉన్న ఆంబో ఊరు చేరేసరికి దగ్గు తగ్గింది. ఇంకో గంటాగి ఉంటే దక్కేవాడు కాదని వానూకోలో డాక్టరు అన్నాడు. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు, పోయిన ఏప్రిల్ దాకా బతికాడు. మళ్లీ పైకి వెళ్లలేదు. పైనుంచి ఎవరొచ్చినా కూర్చోమని కూడా అనకుండా, ముందు ఈ ఏడు మనవాళ్లు ఎన్ని గోల్స్ కొట్టారని అడిగేవాడు.