మూడో అంతస్తు మందారం

పంటలకు పట్టే చీడల మీద నివేదికలు రాయడం నా ఉద్యోగం. కొత్తగా మన దగ్గరికి చేరిన ఒక పిండినల్లి ఎంత ప్రమాదమో తేల్చమన్నారు. బోయిన్‌పల్లి అవతల ఒక నర్సరీలో బొప్పాయి ఆకులు తిరగేసి చూశాను. అడుగున దూది అంటించినట్టు తెల్లగా ఉంది, ముట్టుకుంటే జిగురు.

‘ప్రమాదం ఎక్కువ’ అని రాశాను. దీని పిల్లలు కంటికి ఆనవని, మనుషుల బట్టలకు అంటుకుని కూడా ఊరు మారతాయని, నర్సరీల్లో అమ్మకాలు కొన్నాళ్లు ఆపాలని రాశాను.

మా పై అధికారి నవ్వాడు. “బట్టల మీద పోతదని మీరు చూసిన్రా మేడం? మధ్యస్థం అని రాయండి. నర్సరీలోళ్లకే లేని పరేషాన్ మీకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?”

ఒళ్లు మండింది. కానీ చూశానని అనలేకపోయాను. కాగితాలు వెనక్కి తెచ్చుకున్నాను.

రెండు వారాలకు, ఏ.ఎస్. రావు నగర్‌లో మా మూడో అంతస్తు బాల్కనీలో పూజకు పూలు కోస్తూ అత్తమ్మ పిలిచింది.

“ఏందమ్మా, నా మందారానికి పిండి చల్లినట్టు గిట్లయింది? జెర చూడు.”

భూతద్దం పెట్టి చూశాను. అదే పురుగు. ఆ బాల్కనీలోకి ఈ మధ్య కొత్త మొక్క రాలేదు, మట్టి రాలేదు. నర్సరీ నుంచి వచ్చిన రోజు నా చున్నీ ఆ కొమ్మల మీదే పడేశాను. ఆ బట్టలు ఆఫీసులోనే మార్చుకుని సంచిలో కట్టేయాలన్నది రూలు. ఆ రోజు బద్ధకించాను. సిగ్గేసింది. ఆ వెంటనే, దాచడమెందుకు, సంతోషం కూడా కలిగింది: ఇప్పుడు చూశానని అనగలను.

మందారం కొట్టేయక తప్పదని అత్తమ్మకు చెప్పాను. ఆమె పూల బుట్ట కింద పెట్టింది.

“కొట్టెయ్. కానీ ఎట్లొచ్చిందో గది సుత రాయి” అంది.

రాశాను. వ్యాపించే దారి: మనుషుల బట్టలు. ఆధారం: ఈ నివేదిక రాసిన మనిషి చున్నీ, ఆమె ఇంటి మందారం.

అధికారి ఈసారి నవ్వలేదు. “గిది ఉంచితే రూలు తప్పినందుకు మీకు మెమో ఇయ్యాల్సొస్తది. ప్రమోషన్ ఆగుతది. తీసేయండి మేడం.”

“ఇవ్వండి సార్. మెమోలో కారణం రాయాలి కదా. పురుగు నా బట్టల మీద వచ్చిందనే రాయండి.”

సోమవారం మెమో వచ్చింది. కారణం అదే రాశాడు, కింద సంతకం పెట్టాడు. దాన్ని నా నివేదికకు మొదటి ఆధారంగా జత చేసి, అదే రోజు పైకి పంపాను.